వట్టి గొట్టం

మదనపల్లెలో ముద్దుకృష్ణ షెడ్డు ఎక్కడుందని ఎవరినీ అడగాల్సిన పని లేదు. చెవులుంటే చాలు. బెంగుళూరు బస్టాండు దాటి నాలుగడుగులు వేస్తే ఏదో ఒక మోటారు సైకిలు గొంతు చించుకుని అరుస్తూనే ఉంటుంది. పక్కనున్న అంగళ్లు ఊరి నుంచి కాలేజీ పిల్లలు పని గట్టుకుని వచ్చి సైలెన్సర్లు మార్పించుకుంటారు. బండితో పాటు వచ్చిన గొట్టం మర్యాదగా మాట్లాడుతుంది. ఆ మర్యాద వాళ్ళకు సరిపోదు. బండి వీధి మొదట్లో ఉండగానే వచ్చేది ఎవరో ఇంట్లో వాళ్ళకు తెలిసిపోవాలి.

చెంగల్రాయుడు ఆ షెడ్డు ముందు బండి ఆపేసరికి పొద్దున పది దాటింది. రామకుప్పం పక్కన పల్లె అతనిది. చీకటితో లేచి నూరు కిలోమీటర్ల పైన తండ్రి నాటి బుల్లెట్ మీద వచ్చాడు. నలభై దాటిన మనిషి, మాసిన పంచె, చెవులకు చుట్టుకున్న మఫ్లరు. కళ్ళ కింద నల్లగా గుంటలు పడి ఉన్నాయి.

ముద్దుకృష్ణ అతనికి మేనత్త కొడుకు. చూడగానే పకపకా నవ్వాడు.

"పెండ్లిలో గూడా సప్పుడు లేకుండా తాళి కట్టినోడివి. నీకు ఈ వయసులో సప్పుడు బండి కావాల్నా రాయుడూ?"

"నాకు కాదు బావా. ఏనుగులకు."

ముద్దుకృష్ణ నవ్వు ఆపాడు. కుప్పం వైపు ఏనుగుల సంగతి అతనికీ తెలుసు. రాగి చేను కోతకు వచ్చే సమయానికి అడవి దిగి వస్తాయి. టపాకాయలకు బెదరవు, డప్పులకు బెదరవు. పక్క పల్లెలో ఎవరో సైలెన్సర్ ఊడదీసిన ట్రాక్టరుతో మందను తరిమారని చెంగల్రాయుడు విన్నాడు. అతనికి ట్రాక్టరు లేదు.

"ఎన్ని వస్తాండాయి?"

"ఒకటే. ఆడది."

"ఎంత తినిపాయ?"

"ఏమీ తినలా."

"ఏమీ తినని ఏనుగును తరిమేదానికి ఇంత దూరం వస్తివా?" అన్నాడు ముద్దుకృష్ణ. అని, బావమరిది మొహంలోకి ఒకసారి చూశాడు. పానాల పెట్టె తీసుకుని బండి పక్కన కూర్చున్నాడు.

చెంగల్రాయుడు చెప్పని సంగతి ఒకటుంది. అది తెలిసింది లోకంలో ఇద్దరికే, అతనికీ అతని భార్య కౌసల్యకూ.

పంతొమ్మిది రోజుల కిందట బోరు మోటారు స్టార్టరు నుంచి దొంగగా చేను చుట్టూ కట్టిన తీగకు కరెంటు ఇచ్చాడు. బెదిరి పోతాయిలే అనుకున్నాడు. తెల్లవారుజామున లేచి చూస్తే తీగ పక్కన ఏనుగు పిల్ల పడి ఉంది. అప్పుడే పుట్టిన దూడ కంటే కాస్త పెద్దది, అంతే. ఇంకా ప్రాణం ఉంది. వాళ్ళకు పెళ్ళయి పదకొండేళ్ళు, పిల్లల్లేరు. కౌసల్య పరుగున పోయి దాని తల ఒళ్ళో పెట్టుకుంది. అది ఆమె వేళ్ళు నోట్లోకి తీసుకుని చీకడం మొదలుపెట్టింది. పొద్దు పొడిచేదాకా చీకుతూనే ఉంది. తర్వాత ఆగిపోయింది.

ఆ వైపు ఏనుగు చస్తే ఊరు ఊరంతా వస్తుంది. గణేశుడంటారు, సామి అంటారు. పసుపు పూసి, కుంకుమ పెట్టి, టెంకాయ కొట్టి, ఇంట్లో మనిషి పోయినట్టు ఏడ్చి మరీ పూడుస్తారు. ఊరికి తెలిస్తే ఫారెస్టు వాళ్ళకు తెలుస్తుంది, కేసు, జైలు. చెంగల్రాయుడు దాన్ని ఈడ్చుకుపోయి తాముండే కొట్టం వెనక ఎరువు గుంతలో వేసి మన్ను కప్పాడు. పైన పేడ చల్లాడు. "చిటికెడు పసుపన్నా ఎయ్యనీ" అని కౌసల్య కాళ్ళు పట్టుకుంది. పసుపు కనిపిస్తే అడుగుతారని వద్దన్నాడు. ఆమె ఏడుపు పైకి వస్తే చేత్తో నోరు మూశాడు. ఆ చెయ్యిని తలుచుకుంటే ఇప్పటికీ అతనికి తన మీద తనకే అసహ్యం వేస్తుంది.

మూడో రోజు నుంచి తల్లి వస్తోంది. సరిగ్గా దీపాలు పెట్టే వేళకు వచ్చి చేను అవతల గట్టు మీద నిలబడుతుంది. గింజ ముట్టదు. కౌసల్య కొట్టం వాకిట్లో నిలబడి దాన్నే చూస్తుంది. తిండి మానేసింది, మాట మానేసింది. నిన్న సాయంత్రం అతను పశువులకు మేత వేసి తిరిగి చూసేసరికి ఆమె సగం చేను దాటి దాని వైపు నడుస్తోంది. జబ్బ పట్టుకుని వెనక్కు లాక్కొచ్చాడు.

"బిడ్డ యాడని అడగతాండాది. నేనేం చెప్పాల?" అంది కౌసల్య.

అదీ అతని భయం. ఒకరోజు తను చూసుకోకపోతే ఆమె ఆ మిగతా సగం కూడా నడుస్తుంది. ఏనుగును శాశ్వతంగా తరిమేస్తేనే తన కౌసల్య తనకు దక్కుతుంది. అందుకే పక్క చేని ముసలామె సిద్ధమ్మను ఆమెకు తోడు కూర్చోబెట్టి వచ్చాడు. దీపాలు పెట్టేలోగా వచ్చేస్తానని ప్రమాణం చేసి బయల్దేరాడు.

పని అనుకున్నంత సులువుగా కాలేదు. పాత సైలెన్సర్ నట్లు తుప్పు పట్టి బిగుసుకున్నాయి. కిరోసిన్ పోసి, సుత్తితో తట్టి తట్టి విప్పేసరికి గంటైంది. బెంగుళూరు నుంచి వచ్చిన కొత్త గొట్టం పొట్టిగా, తళతళలాడుతూ ఉంది. దాని పట్టీ ఈ బండి రంధ్రాలకు సరిపోలేదు. ఒక ఇనుప ముక్క కోసి, వెల్డింగు పెట్టి, కొత్త ప్యాకింగు వేసి బిగించే ముందు ముద్దుకృష్ణ గొట్టాన్ని ఎండకేసి ఎత్తి పట్టాడు.

"సూడు. జల్లెడ లేదు, లోపల్రేకు లేదు. అన్నీ పీకేసినా. ఈ కొస నుంచి ఆ కొసకు ఆకాశం కనపడతాండాది. వట్టి గొట్టం."

చెంగల్రాయుడు ఒక కన్ను మూసి చూశాడు. నిజమే, అవతల నీలంగా ఆకాశం కనిపించింది.

మధ్యాహ్నం రెండింటికి బండి స్టార్టయింది. షెడ్డు రేకులు అదిరాయి. ఎదుటి అంగడి ఆమె చెవులు మూసుకుని తిట్టింది. ముద్దుకృష్ణ సంతోషంగా తలాడించాడు. అతనికొక అలవాటుంది. ఏ బండైనా సరే, గొట్టం కొసన అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని దెబ్బలు లెక్కపెడతాడు. నాడి చూసే వైద్యుడిలా ఆ పొగ తాకిడిని బట్టే ఇంజను జబ్బు చెప్పేస్తాడు. ఇప్పుడూ అలాగే చెయ్యి పెట్టాడు.

కళ్ళు తెరిచాడు.

"రాయుడూ... ఇది ఊదడం లా."

"ఏంది బావా?"

"పీలుస్తాండాది."

చెయ్యి వెనక్కు లాగాడు. రాలేదు. రెండో చేత్తో మణికట్టు పట్టుకుని గట్టిగా గుంజితే చప్పున ఊడి వచ్చింది. అరచేతిలో ఎర్రగా గుండ్రటి గుర్తు. మసి లేదు, కాలలేదు. తడిగా ఉంది.

"నీళ్ళు బావా. సలికాలం గదా, గొట్టంలో నీళ్ళు వస్తాయి" అన్నాడు చెంగల్రాయుడు.

"నీళ్ళకు జిగట ఉంటాదా?" ముద్దుకృష్ణ చెయ్యి వాసన చూసి, పాత గుడ్డతో అదేపనిగా తుడుచుకున్నాడు. వాల్వు పోయిందేమోనని ఇంజను ఆపి కిక్కు రాడ్డు మెల్లగా నొక్కి చూశాడు. వాల్వు బాగానే ఉంది. "పాత సైలెన్సరే బిగిస్తా. అర్ధగంట పని. నా మాటిను."

అర్ధగంట. చెంగల్రాయుడు పొద్దు వైపు చూశాడు. నాలుగు గంటల దారి ఉంది. సిద్ధమ్మ మేకలను తోలుకుని పోయే వేళకు అతను అక్కడ ఉండాలి.

"టైము లేదు బావా" అని బండెక్కాడు. ముద్దుకృష్ణ ఒక స్పానరు అతని జేబులో పెట్టి, ఎందుకో రెండడుగులు వెనక్కు జరిగి నిలబడ్డాడు.

పుంగనూరు పొలిమేరలో పట్టీ వదులై గొట్టం గడగడలాడింది. బయ్యమ్మ టీ అంగడి ముందు ఆగాడు. వేడి బుల్లెట్ ఆపితే మళ్ళీ స్టార్టు కావడానికి సతాయిస్తుంది కాబట్టి ఇంజను నడుస్తుండగానే వంగి నట్టు బిగిస్తున్నాడు. అంగడి పక్కన బయ్యమ్మ పొట్టి ఆవు కట్టేసి ఉంది. దాని దూడ పోయి పది రోజులైంది. దూడ చర్మంలో గడ్డి కూరి ముందు పెట్టినా ఆవు నమ్మలేదు. కాలితో తన్నింది తప్ప పాలు చేపలేదు. పొదుగు గట్టిపడి రాయిలా ఉంది. టీ కాస్తూ బయ్యమ్మ ఈ గోడంతా చెప్పుకుంటూనే ఉంది.

ఉన్నట్టుండి ఆవు చెవులు రిక్కించింది. బండి వైపు తిరిగింది. నాలుగు చన్నుల నుంచీ పాలు వాటంతటవే ధారగా నేల మీదికి కారాయి.

"సేపింది! నా తల్లి సేపింది!" బయ్యమ్మ గిన్నె పట్టుకుని పరుగెత్తింది. "ఆపొద్దప్పా! బండి ఆపొద్దు! ఇంకొంచేపు ఉండనీ!"

ఆవు పలుపు తెంపుకునేంత సాగింది. మెల్లగా, దూడను పిలిచినట్టు అరిచింది. మెడ చాచి, నాలుక చాచి, గొట్టం కొసను నాకింది. చుర్రుమంది. కాలిన వాసన వచ్చింది. అయినా ఆపలేదు. మళ్ళీ నాకింది. మళ్ళీ...

చెంగల్రాయుడు బండిని ముందుకు నెట్టాడు. ఆవు నాలుక మీద తెల్లగా బొబ్బ లేచింది. బయ్యమ్మ చేతిలో గిన్నె అలాగే ఉండిపోయింది.

"దాంట్లో ఏం తెచ్చినావప్పా?" గుసగుసగా అడిగింది.

అతను బండెక్కాడు. టీ తాగనే లేదు.

పలమనేరు దాటేదాకా వెనక్కు తిరిగి చూడలేదు. గొట్టం విప్పి కంపల్లో పారేద్దామా అని రెండు సార్లు అనిపించింది. ముట్టుకుంటే చెయ్యి కాలిపోయేంత వేడి, చల్లారేదాకా కూర్చుంటే పొద్దు గూకుతుంది. కౌసల్య ఎత్తుపళ్ళ నవ్వు గుర్తుకొచ్చింది. ఎన్ని రోజులైంది ఆ నవ్వు చూసి? ఇంకాస్త యాక్సిలేటరు తిప్పాడు.

దిగుడు దారిలో యాక్సిలేటరు తిప్పడం ఆపితే గొట్టం టపటపా పేలుతుంది. అది మామూలే, ముద్దుకృష్ణ ముందే చెప్పాడు. పేలిన ప్రతిసారీ దాని వెనకే సన్నగా ఇంకొక చప్పుడు వినిపించింది. ఊపిరి ఎగబీల్చినట్టు ఉంది. ఇంజను ఒకసారి కొడితే అది ఒకసారి పీలుస్తోంది. కొట్టడం... పీల్చడం... మఫ్లరు చెవులకు ఇంకా బిగించుకున్నాడు. చప్పుడు తగ్గలేదు. సీటు కింది నుంచి, తొడల గుండా, ఎముకల్లోకి వస్తోంది.

వి.కోట దాటాక పొద్దు కొండల వెనక్కు దిగింది. మంచు మొదలైంది. రోడ్డు మీద ఇతర బండ్లేవీ లేవు. ఊరు ఇంకా ఆరేడు కిలోమీటర్లు ఉందనగా ఒక మలుపు తిరిగాడు.

చప్పుడు ఆగిపోయింది.

ఇంజను ఆగిందేమో అనుకున్నాడు. బండి పోతూనే ఉంది. హెడ్‌లైటు వెలుగుతూనే ఉంది. యాక్సిలేటరు తిప్పితే బండి ముందుకు దూకింది... చప్పుడు లేకుండా. టైర్ల కింద గులకరాళ్ళు చిట్లడం వినిపించింది. పొదల్లో పురుగుల అరుపు వినిపించింది. తన గుండె తనకు వినిపించింది. గొట్టం మాత్రం నోరు మెదపలేదు.

బండి ఆపకుండానే మఫ్లరు విప్పాడు. చెవి ఒగ్గాడు.

దూరంగా, తన చేను ఉన్న దిక్కున, బుల్లెట్ కొట్టుకుంటోంది. నిలబెట్టిన బండిలా... నిదానంగా... దడ్... దడ్... దడ్...

అది తన బండి చప్పుడే. తనకంటే ముందు ఇంటికి పోయింది.

"కౌసల్యా!" అని అరిచాడు. ఆరు కిలోమీటర్ల అవతలికి ఎవరికి వినిపిస్తుంది? అయినా అరుస్తూనే బండి నడిపాడు. దేవుళ్ళందరికీ మొక్కుకున్నాడు. ఆ పిల్ల ఏనుగుకు కూడా మొక్కుకున్నాడు. తప్పయింది సామీ, నన్ను తీసుకో, ఆమెనేం చెయ్యొద్దు, నేను చేసిన పనికి ఆమెనేం చెయ్యొద్దు... కళ్ళ నీళ్ళకు దారి కనపడలేదు.

కొట్టం ముందు దీపం వెలుగుతోంది. సిద్ధమ్మ తిన్నె మీద కూర్చుని కర్ర పట్టుకుని చూస్తోంది. బండి వచ్చి తన కాళ్ళ ముందు ఆగేదాకా ఆమె గమనించనేలేదు. చూసి ఉలిక్కిపడింది.

"ఇదేందప్పా? నువ్వు ఈ పక్కనించి వస్తాండావు?"

"కౌసల్య యాడ అవ్వా?"

"నువ్వొచ్చి పావుగంటాయ గదప్పా! కొట్టం ఎనకాల బండి సప్పుడాయ. శానా సప్పుడు. నువ్వేలే అనుకుంటి. కౌసల్య నవ్వతా లేసె. వచ్చినాడవ్వా, అనె. ఇన్ని దినాలకి ఆ పాప నవ్వడం ఇదే సూస్తి. ఎనక్కి పాయ. మొగుడూ పెండ్లాం మాట్లాడుకుంటాండారని నేను ఈడనే కూసుంటి."

"మాట్లాడింది నువ్వు ఇంటివా?"

సిద్ధమ్మ కర్ర కింద పెట్టింది. గొంతు తగ్గించింది.

"ఆ పాప మాటలే ఇంటినప్పా. లే నాయినా, లే, పోదాం, అనె. నీ గొంతు ఇనపళ్ళా. మళ్ళ ఆ సప్పుడు చేనంబడీ అట్ల అడివి పక్కకి పాయ. ఇద్దరూ బండి మీద ఏనుగును తరిమేదానికి పోయినారనుకుంటిని."

అప్పుడు అతనికి కూడా తెలిసింది, ఆ దడదడ ఇక వినిపించడం లేదని. చుట్టూ ఎక్కడా ఏ చప్పుడూ లేదు.

టార్చి తీసుకుని కొట్టం వెనక్కు పరుగెత్తాడు. ఎరువు గుంత పెట్టింది పెట్టినట్టే ఉంది. పైన చల్లిన పేడ ఎండి పెచ్చులు కట్టి ఉంది. కోడి కూడా గీరిన గుర్తు లేదు. ఎవరూ తవ్వలేదు. గుండెల నిండా ఊపిరి తీసుకున్నాడు. ఏమీ కాలేదు, ఎక్కడో ఇక్కడే ఉంటుంది, పిలిస్తే పలుకుతుంది అనుకున్నాడు.

"కౌసల్యా... నేనే... వచ్చేసినా..."

టార్చి నేల మీదికి తిప్పాడు.

వారం కిందటి తుఫాను ముసురుకు నేల ఇంకా ఆరలేదు. టార్చి వెలుగులో ఆమె అడుగులు స్పష్టంగా కనిపించాయి. చిన్న పాదాలు, వేలికి మెట్టె నొక్కుకున్న గీత. కొట్టం నుంచి గుంత దాకా వచ్చాయి, పైపైన, మామూలుగా. గుంత అంచున రెండు పాదాలూ పక్కపక్కన ఉన్నాయి. మునివేళ్ళు లోతుగా దిగి ఉన్నాయి. అక్కడ ఆమె గొంతుక్కూర్చుని లేచింది.

అక్కడి నుంచి చేనులోకి దిగాయి. చెంగల్రాయుడు వాటి వెంట నడిచాడు. రాగి వెన్నులు మోకాళ్ళకు తగులుతున్నాయి. పది అడుగులు... ఇరవై... పాదం చుట్టూ మన్ను కొద్దిగా పైకి ఉబికి ఉంది. ఇంకో పది అడుగులకు మడమలు పూర్తిగా దిగిపోయాయి. అతను ఆగి, ఆమె అడుగు పక్కన తన కాలు పెట్టి, ఒంటి బరువంతా వేసి తొక్కాడు. అందులో సగం కూడా దిగలేదు. కౌసల్య నలభై అయిదు కిలోలుంటే ఎక్కువ. అందులోనూ పంతొమ్మిది రోజులుగా సరిగా తినని మనిషి.

గట్టు దగ్గర ఏనుగు నిలబడిన చోట పళ్ళెమంత గుర్తులు ఉన్నాయి. అక్కడి నుంచి అవి వెనక్కు తిరిగాయి. ఆమె అడుగులు వాటి పక్కనే, అడవి వైపు పోయాయి. ఎక్కడా తడబడలేదు. పరుగెత్తలేదు. ఒకే నిదానంతో నడిచింది.

"కౌసల్యా... దాన్ని దించెయ్యి... దించేసి రామ్మా..." అరవబోయాడు. గుసగుసలాగే వచ్చింది.

చెట్లు మొదలయ్యే చోట మోకాళ్ళ మీద కూలబడి ఒక అడుగులోకి చెయ్యి పెట్టాడు. మోచేతి దాకా పోయింది. వేళ్ళకు నేల తగలలేదు. టార్చి ఎత్తి ముందుకు వేశాడు. వెలుగు పోయినంత దూరమూ అడుగులు కనిపించాయి, చెట్ల మధ్య ఒక దాని వెనక ఒకటి, ప్రతి అడుగూ దాని వెనకటి దానికంటే లోతుగా.